చికాకోల్ అని రాసి ఉన్న కాగితం

(శ్రీకాకుళంలోని ఒక గ్రంథాలయంలో, రెవెన్యూ శాఖ రికార్డు రూములో పనిచేసి రిటైరైన పెద్దమనిషి చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

సభకు నమస్కారం. దక్షిణాఫ్రికా యాత్రా విశేషాలు చెప్పమని నన్ను పిలిచారు. జలపాతాలు, కొండలు చూశాను, వాటి గురించీ చెప్తాను. కానీ నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది అక్కడ పరిచయమైన ఒక వృద్ధ దంపతుల గురించి. వాళ్ళు అమెరికావాళ్ళు, యూటా రాష్ట్రం నుంచి మిషనరీలుగా వచ్చారు. మిషనరీలంటే మనకి బడి, ఆస్పత్రి, సువార్త గుర్తొస్తాయి. వీళ్ళు చేసే పని వేరు. వారంలో ఐదు రోజులు పాత కాగితాలు ఫోటో తీసేవారు. ఆరో రోజు ఊళ్ళు చూసేవారు. ఏడో రోజు చర్చి. ఇంతే వాళ్ళ జీవితం. ఈ మూడింటికీ ఉన్న లంకె ఏమిటో నాకు అర్థం కావడానికి నెల పట్టింది.

నేను ముప్పై ఏళ్ళు రికార్డు రూములో ఉన్నాను. డైగ్లాట్లు, అడంగళ్ళు, ఎఫ్‌ఎంబీలు అనే భూముల రికార్డులు, ఎర్రగుడ్డ మూటలు, కలరా ఉండల వాసన, ఇదే నా ఉద్యోగం. సర్వే నంబరు చెప్తే చీకట్లోనైనా కట్ట తీసిచ్చేవాణ్ణి. అందుకే మా అమ్మాయి, అల్లుడు పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఉద్యోగాలు చేస్తూ మమ్మల్ని రమ్మన్నప్పుడు, అక్కడ పెద్ద ఆర్కైవ్స్ ఉందని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది. క్వాజులు-నేటాల్ రాష్ట్రానికి రాజధాని ఆ ఊరు. వీసా మీద మూడు నెలలు ఉండనిస్తారు. మార్చిలో వెళ్ళి జూన్‌లో వచ్చాను.

ఆర్కైవ్స్‌కి వెళ్ళడానికి నాకు సొంత కారణం ఒకటి ఉంది. మా తాతగారికి ఒక అన్నగారు, పేరు అప్పలస్వామి. ఇరవై ఏళ్ళ వయసులో ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. మన ప్రాంతంలో ఎవరు సముద్రం దాటినా రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయాడనేవారు కదా. అందరూ అదే అనుకున్నారు. మా నాయనమ్మ మాత్రం "రంగం కాదురా, నేటాలు" అనేది. ఎవరూ పట్టించుకోలేదు. మా నాన్నగారు గయ వెళ్ళినప్పుడు పిండం పెడుతూ పెదనాన్న పేరు చెప్పాలా వద్దా అని తటపటాయించారట. చనిపోయాడో బతికున్నాడో తెలియదు కదా. చివరికి చెప్పలేదు. ఇంటికొచ్చాక ఆ సంగతి చాలాకాలం బాధపడ్డారు. అది నా మనసులో ఉండిపోయింది.

నేటాల్ చెరకు తోటలకి మనదేశం నుంచి కూలీలని ఒప్పందం మీద తీసుకెళ్ళారు. మొదటి ఓడ పేరు ట్రూరో. మద్రాసు నుంచి బయలుదేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా 1,52,184 మంది వెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రేవులోనే ఓడ ఎక్కారు. వాళ్ళలో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు చాలామంది. ప్రతి మనిషికీ ఒక నంబరు. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటిమీద పుట్టుమచ్చలు, ఎవరి తోటకి పంపారో అంతా రాసేవారు. మనిషిని సరుకులా రాసుకున్నారని మొదట కోపం వచ్చింది. ఇవాళ మనకి మిగిలిన ఆధారం ఆ రాతే.

నేను వెళ్ళి చూస్తే అప్పలస్వాములు ఒకరు కాదు, బారులు తీరి ఉన్నారు. సింహాచలం అప్పన్న పేరు కదా, మన వైపు ఏ వీధిలో చూసినా ఉంటుంది. అక్కడివాళ్ళు దాన్ని అప్పల్సామి అని రాశారు, ఇప్పటికీ దక్షిణాఫ్రికాలో అది ఇంటిపేరుగా ఉంది. ఆ ఇంటిపేరు వినగానే ఈ కుటుంబం ఎక్కడినుంచి వచ్చిందో మనం చెప్పేయొచ్చు. వాళ్ళకి మాత్రం తెలియదు.

ఇక ఆ దంపతుల సంగతి. రీడింగ్ రూములో నేను స్లిప్పు రాసిచ్చి ఫైలు కోసం కూర్చునేవాణ్ణి. పక్క గదిలోకి రోజూ ఉదయం సరిగ్గా ఒకే టైముకి ఇద్దరు వెళ్ళేవారు. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి, తెల్లచొక్కా, టై. ఆవిడ మోకాళ్ళు దిగిన గౌను, చేతిలో లంచ్ డబ్బా. ఇద్దరి జేబుల మీద నల్ల బ్యాడ్జీలు. యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము అని మన తెలుగులో వాళ్ళ సంఘం పేరు. మోర్మన్లు అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. మన దేశంలో వాళ్ళ మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన ప్రాంతం, 2012లో హైదరాబాద్‌లోనే పెట్టారు. వాళ్ళలో మిషనరీగా వెళ్ళిన మగవాళ్ళని ఎల్డర్ అని, ఆడవాళ్ళని సిస్టర్ అని పిలుస్తారు. నేనూ అలాగే పిలిచాను.

ఎల్డర్‌గారు పాడి రైతు. సిస్టర్ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యారు. పిల్లల పెళ్ళిళ్ళు అయిపోయాక ఇద్దరూ మేం వెళ్తామని దరఖాస్తు పెట్టుకున్నారు. ఎక్కడికి వెళ్ళాలో వాళ్ళు నిర్ణయించుకోరు. సంఘాధ్యక్షుడి సంతకంతో పిలుపు వస్తుంది. అందులో ఏ దేశం ఉంటే ఆ దేశం. ఆరు నెలల నుంచి ఇరవైమూడు నెలల దాకా కాలపరిమితి. ఖర్చంతా సొంతం. జీతం లేదు. పొలం కౌలుకిచ్చి, ఇంటికి తాళం వేసి, ఎప్పుడూ చూడని ఖండానికి వచ్చారు. ఎవరికోసం? ఈ కాగితాల్లో వాళ్ళ చుట్టం ఒక్కడు కూడా లేడు.

వాళ్ళు ఫోటో తీసేవి ఎస్టేట్ ఫైళ్ళు. ఎవరైనా ఆస్తి వదిలి చనిపోతే కోర్టు మాస్టర్ అనే అధికారి దగ్గర ఫైలు తెరుస్తారు. అందులో డెత్ నోటీసు అని ఒక ఫారం. చనిపోయినవాడి పేరు, పుట్టిన చోటు, తల్లిదండ్రుల పేర్లు, భార్య, పిల్లలు, పోయిన తేదీ, పోయిన స్థలం. తర్వాత వీలునామా, అప్పుల చిట్టా, సామాన్ల జాబితా. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో 1846 నుంచి ఇవి ఉన్నాయి. ఇప్పుడు 1950 దాకా ఫ్యామిలీసెర్చ్ అనే వాళ్ళ సంస్థ వెబ్‌సైట్‌లో ఫోటోలు చూడొచ్చు.

ఒక మధ్యాహ్నం సిస్టర్‌గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. నేను ఇండియావాణ్ణని అక్కడి ఉద్యోగి చెప్పాడట. చిన్న కాగితం మీద పెన్సిలుతో ఒక మాట రాసుకొచ్చారు. "ఇది మీ దేశంలో ఊరేనా? దీన్ని ఎలా పలకాలి?" అని అడిగారు. చూశాను. చికాకోల్ అని ఉంది.

మీలో పెద్దవాళ్ళకి తెలుసు, దొరల కాలంలో శ్రీకాకుళాన్ని అలాగే రాసేవారు. మా రికార్డు రూములో పాత కాగితాల మీద ఎన్నివేలసార్లు చూశానో ఆ మాట. ఎనిమిదివేల కిలోమీటర్లో ఎంతో దూరంలో, ఒక అమెరికా ముసలావిడ దాన్ని నా ముందు పెట్టి ఇది ఎక్కడ అని అడుగుతోంది. నా గొంతు పెగల్లేదు. "అమ్మా, అది మా ఊరు" అన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. శ్రీకాకుళం అని నాలుగైదుసార్లు పలికించుకున్నారు. అరసవల్లి, నాగావళి, సముద్రం ఎంత దూరం, ఏం పండుతుంది, అన్నీ అడిగారు.

ఆ ఫైలు మా పెదతాతది కాదు. నేను స్లిప్పు రాసి తెప్పించుకుని చూశాను. కూరగాయలు పండించి అమ్ముకున్న ఒకాయనది. పుట్టిన చోటు చికాకోల్. డెత్ నోటీసు కింద సంతకం చోట కూతురి వేలిముద్ర. సామాన్లలో ఒక బండి, రెండు ఎద్దులు, ఇత్తడి చెంబు ఒకటి.

ఆ రోజు నుంచి వాళ్ళ గది గుమ్మం దగ్గర నిలబడి పని చూడటం అలవాటైంది. అధికారుల అనుమతితోనే. ఫోటో తీయడం తేలిక అనుకుంటాం. దానికి ముందు పని కష్టం. ప్రతి ఫైల్లో తుప్పుపట్టిన గుండుసూదులు ఉంటాయి. కాగితం చిరగకుండా ఒక్కొక్కటీ తీయాలి. నాలుగు మడతలు వేసిన వీలునామాని విప్పి, మడత మీద వేలు పెట్టకుండా చదును చెయ్యాలి. పేజీలు వరస తప్పకూడదు. ఇది సిస్టర్‌గారి పని. చేతికి గ్లవుజులు వేసుకోరు. ఎందుకని అడిగితే, గ్లవుజు వేసుకుంటే కాగితం అంచు తెలియదు, చిరుగుతుంది, శుభ్రంగా కడుక్కున్న చెయ్యే మంచిది అన్నారు. నేను ఉద్యోగంలో ఉండగా ఎవరూ నాకు ఈ మాట చెప్పలేదు.

ఎల్డర్‌గారిది కెమెరా. బల్లకి పైన స్టాండు మీద కెమెరా కిందికి చూస్తూ ఉంటుంది. రెండువైపులా లైట్లు. పొద్దున్నే రంగులు సరిగ్గా వస్తున్నాయో లేదో ఒక రంగుల అట్ట పెట్టి సరిచూస్తారు. తర్వాత పేజీ పెట్టడం, నొక్కడం, పక్కనున్న కంప్యూటర్ తెరమీద చూడటం, పేజీ తిప్పడం. ఖాళీగా ఉన్న వెనకపక్కన ఒక్క మాట గీకి ఉన్నా అదీ తీస్తారు. వాళ్ళు తీసినవి తర్వాత వేరేవాళ్ళు తనిఖీ చేస్తారు. ఒక్క పేజీ మసగ్గా ఉన్నా మళ్ళీ ఫైలు తెప్పించి తీయాలి. కాగితాలు ఎక్కడికీ పోవు, ఆర్కైవ్స్‌లోనే ఉంటాయి. ఫోటోల ప్రతి ఆర్కైవ్స్‌కీ ఇస్తారు. ఈ విషయం నేను గట్టిగా అడిగి తెలుసుకున్నాను, ఎందుకంటే ఊరి రికార్డు ఊరు దాటిపోతే నాకు నచ్చదు.

మధ్యలో ఒక్కోసారి ఎల్డర్‌గారి చెయ్యి ఆగిపోయేది. సిస్టర్‌ని పిలిచేవారు. ఇద్దరూ వంగి చదివేవారు. పసిపిల్ల పోయిన ఫైలో, ఒకే వారంలో తల్లీ తండ్రీ పోయిన ఫైలో అయి ఉండేది. ఒక నిమిషం మౌనంగా ఉండి మళ్ళీ పని మొదలుపెట్టేవారు.

సోమవారం సాయంత్రం ఇంట్లోవాళ్ళతోనే గడపడం వాళ్ళ సంఘంలో ఆచారం. పిల్లలు దూరంగా ఉన్నారని మమ్మల్ని పిలిచేవారు. మా అమ్మాయి మొదటిసారి టీ ఫ్లాస్కుతో వెళ్ళింది. వాళ్ళు టీ, కాఫీ ముట్టరు. రూయిబోస్ అని అక్కడి కొండల్లో పెరిగే ఒక పొద ఆకు కాచుకుని తాగుతారు, ఎర్రగా ఉంటుంది, తేయాకు కాదు. నాకు అలవాటైపోయింది, ఇప్పటికీ తెప్పించుకుంటాను. బుధవారం కుర్ర మిషనరీలకి భోజనం పెట్టేవారు. శుక్రవారం మనవలతో ఫోను. నెలలో మొదటి ఆదివారం రెండు పూటలు పస్తుండి, ఆ తిండి డబ్బు బీదలకి ఇచ్చేవారు. మన ఏకాదశికి ఈ రెండో భాగం కూడా ఉంటే ఎంత బావుండును అనిపించింది నాకు.

ఒక సోమవారం నేనే అడిగాను, ఇదంతా ఎందుకని. ఎల్డర్‌గారు చెప్పింది నాకు అర్థమైన మాటల్లో చెప్తాను. కుటుంబం చావుతో విడిపోకూడదని వాళ్ళ నమ్మకం. పోయిన పూర్వీకులకి బదులుగా, బతికున్నవాళ్ళు టెంపుల్ అనే తమ ప్రత్యేక మందిరంలో జ్ఞానస్నానం తీసుకుంటారు. దానికి పూర్వీకుల పేరు కావాలి. ఊరు, తేదీ, తల్లిదండ్రులు తెలిసి ఫలానా మనిషి అని నిర్ధారణ కావాలి. పేరు లేకుండా కర్మ జరగదు.

నేను నిర్ఘాంతపోయాను. మనమూ అంతే కదా! తర్పణం వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాలు పేరు పేరునా చెప్తాం. వసువుగా, రుద్రుడిగా, ఆదిత్యుడిగా వాళ్ళని తలుచుకుంటాం. మా నాన్నగారు గయలో తటపటాయించిన సంగతి వాళ్ళకి చెప్పాను. సిస్టర్‌గారికి కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆవిడకి నేను వేరే విడమర్చి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

(సభలో ఒకరు: "అంటే మనవాళ్ళని పోయాక మతం మారుస్తారన్నమాటేగా?")

అడగవలసిన ప్రశ్నే. నేనూ వాళ్ళని అడిగాను. పోయిన ఆత్మకి ఒప్పుకోవడానికీ వద్దనడానికీ స్వేచ్ఛ ఉంటుందని వాళ్ళ సిద్ధాంతం. ఇవతలివాళ్ళు చేసింది ఆహ్వానం వంటిదే అన్నారు. ఎవరి పూర్వీకుల పేర్లు వాళ్ళే ఇవ్వాలని కూడా నియమం పెట్టుకున్నారు. అయినా అభ్యంతరాలు వచ్చాయి. నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్లు ఇచ్చారని యూదు సంఘాలు బాధపడితే, ఇకమీదట అలా చేయబోమని 1995లో ఒప్పందం రాసుకున్నారు. మీకు ఇది నచ్చకపోతే నచ్చకపోవచ్చు, అందులో తప్పు లేదు. నా మట్టుకు నాకు, మా పెదతాతని ఎవరో ఒకరు పేరు పెట్టి పిలిచారంటే బాధ కలగదు. కానీ వాళ్ళ నమ్మకం ఏదైనా, ఆ ఫోటోలు వాళ్ళ సంఘంవాళ్ళకే కాదు, అందరికీ ఉపయోగపడుతున్నాయి. వెబ్‌సైట్ చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు.

ఈ పని నిన్న మొన్నటిది కాదు. వాళ్ళ వంశావళి సంఘం 1894లో పుట్టింది. 1938 నుంచి మైక్రోఫిల్మ్ తీశారు. ఆ రీళ్ళు దాచడానికి సాల్ట్ లేక్ సిటీ దగ్గర గ్రానైట్ కొండని తొలిచి గదులు కట్టారు. ఇరవైనాలుగు లక్షల రీళ్ళు! వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించడం 2021లో పూర్తయింది. మన హరిద్వార్‌లో పండాల, అంటే తీర్థ పురోహితుల, దగ్గరుండే యాత్రికుల చిట్టాలు కూడా వాళ్ళు ఫోటోలు తీశారు. అమెరికాలో బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు డబ్బు దాచుకున్న ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు ఖాతాల్లోంచి 4,80,000 పేర్లు తీసి 2001లో విడుదల చేశారు. ఆ పేర్లు తీసి రాసింది యూటా జైల్లో ఉన్న ఖైదీలు. పదకొండేళ్ళు పట్టింది. ఇది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. స్వేచ్ఛ పోగొట్టుకున్నవాళ్ళు కూర్చుని, స్వేచ్ఛ వచ్చినవాళ్ళ పేర్లు రాశారు.

ఇప్పుడు శనివారం సంగతి. మిషనరీలకి వారంలో ఒకరోజు బట్టలు ఉతుక్కోవడానికి, సంతకి వెళ్ళడానికి, ఊరు చూడటానికి వదులుతారు. వీళ్ళకది శనివారం. తెల్లారకుండా బట్టలు ఉతికేసి కారు తీసేవారు. నేను మొదట్లో ఇది మామూలు విహారమే అనుకున్నాను. ఒకరోజు సిస్టర్‌గారి నోటుబుక్కు చూశాక తెలిసింది. వారమంతా ఫైళ్ళలో కనబడ్డ ఊళ్ళ పేర్లు అందులో రాసుకునేవారు. శనివారం వాటిలో ఒకటి ఎంచుకుని వెళ్ళేవారు. ఆ చనిపోయినవాడు ఏ కొండ చూస్తూ బతికాడో, ఏ ఏటి నీళ్ళు తాగాడో చూసి రావాలి. లేకపోతే సోమవారం మళ్ళీ ఫైలు తెరిచినప్పుడు అది కాగితమే అయిపోతుంది అన్నారావిడ.

నన్నూ తీసుకెళ్ళేవారు. దగ్గర్లో హోవిక్ అనే ఊరు, 95 మీటర్ల జలపాతం ఊరి మధ్యలోనే పడుతుంది. ఆ ఊరి దగ్గరే రోడ్డు పక్కన 1962 ఆగస్టు 5న నెల్సన్ మండేలాని పోలీసులు పట్టుకున్నారు. అక్కడ యాభై ఉక్కు స్తంభాలు పాతారు. నడుచుకుంటూ వస్తుంటే వట్టి ఇనప కమ్ములు. ఒక చోటికి వచ్చి నిలబడితే అవన్నీ కలిసి మండేలా ముఖం అవుతాయి. రెండడుగులు పక్కకి జరిగితే ముఖం చెదిరిపోతుంది. ఎల్డర్‌గారు పిల్లాడిలా ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు నడిచారు.

ఇసాండ్ల్వానా వెళ్ళిన శనివారం నాకు బాగా గుర్తుంది. మూడు గంటల ప్రయాణం. ఆ వారం ఒక డెత్ నోటీసులో మరణించిన స్థలం ఇసాండ్ల్వానా, తేదీ 1879 జనవరి 22 అని వచ్చింది. ఆ రోజు జులు సైన్యం బ్రిటిష్ సైన్యాన్ని ఆ కొండకింద మట్టికరిపించింది. ఇంగ్లీషువాళ్ళ వైపు 1,300 మందికి పైగా పోయారు. కొండచుట్టూ గడ్డిలో తెల్లసున్నం వేసిన రాళ్ళ గుట్టలు ఉంటాయి. ఒక్కో గుట్ట కింద కొందరు సైనికులు. జులు వీరులకి పెద్ద కంచు హారం ఆకారంలో స్మారకం కట్టారు. ఎల్డర్‌గారు టోపీ తీసి చాలాసేపు గాలిలో నిలబడ్డారు. తిరిగొస్తూ కారులో అన్నారు, "తెల్లసైనికుడి ఫైలు నేను ఫోటో తీశాను. అతన్ని చంపి, తానూ చచ్చిపోయిన జులు కుర్రాడికి ఫైలు లేదు. అతని పేరు ఏ తల్లి నోట్లో ఉండిపోయిందో" అని. ఆస్తి ఉన్నవాడికే ఎస్టేట్ ఫైలు. మన దగ్గర మాత్రం? పట్టా ఉన్నవాడి పేరే నా అడంగల్‌లో ఉండేది. పాలేరు పేరు ఎక్కడుంది? ముప్పై ఏళ్ళు అదే రిజిస్టరు తిప్పాను, నాకు ఆ ఆలోచన రాలేదు.

గుడ్ ఫ్రైడే రోజు ఆర్కైవ్స్ సెలవు. పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో శివసుబ్రహ్మణ్య, మారియమ్మన్ గుడి ఉంది. ఏటా సరిగ్గా ఆ రోజే నిప్పులు తొక్కుతారు. కూలీలకి సెలవు దొరికేది క్రైస్తవ పండగలకే కదా, మన అమ్మవారి పండగ వచ్చి అక్కడ కూర్చుందని నేను అనుకుంటున్నాను. ఆ దంపతులకి అది చాలా పవిత్రమైన రోజు. వస్తారో రారో అనుకుంటూనే చెప్పాను. పొద్దున ప్రార్థన చేసుకుని వచ్చారు. చెప్పులు చేతిలో పట్టుకుని జనంలో ఓ పక్కన నిలబడ్డారు. పసుపు బట్టలు, వేపాకులు, డప్పు. మా గ్రామదేవత సంబరంలో ఉన్నట్టే ఉంది నాకు. నిప్పుల మీదినుంచి దిగినవాళ్ళలో ఒక పెద్దావిడ పేరు విని సిస్టర్‌గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ ఇంటిపేరు అప్పల్సామి. మాట్లాడాం. తెలుగు రాదు, వాళ్ళమ్మ మాట్లాడేదట. ఏ ఊరో తెలియదు. "ఆంధ్రా" అని మాత్రం తెలుసు.

పీటర్‌మారిట్జ్‌బర్గ్ రైల్వే స్టేషన్ సంగతి మీ అందరికీ తెలుసు. 1893 జూన్ 7 రాత్రి గాంధీగారిని మొదటి తరగతి పెట్టెలోంచి దింపేసింది అక్కడే. ఎర్ర ఇటుకల స్టేషన్. జూన్‌లో ఆ ఊళ్ళో చలి ఎలా ఉంటుందో నేను ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడి అనుభవించాను కనుక చెప్తున్నాను, ఆ రాత్రి వెయిటింగ్ రూములో కోటు లేకుండా కూర్చోవడం అంత తేలిక కాదు. జూన్‌లోనే కామ్రేడ్స్ పరుగు కూడా చూశాం. డర్బన్‌కీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య దగ్గర దగ్గర తొంభై కిలోమీటర్లు ఒక్కరోజులో పరుగెత్తుతారు. మొదటి ప్రపంచయుద్ధంలో పోయిన తోటి సైనికుల జ్ఞాపకంగా 1921లో మొదలుపెట్టారు.

ఉత్తర తీరంలో చెరకు తోటలు చూడటానికి వెళ్ళిన రోజు మాత్రం నేను ఎక్కువ మాట్లాడలేకపోయాను. ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడు నెలకి పది షిల్లింగులు, తర్వాత ఏటా ఒక్క షిల్లింగు పెంపు. ఒప్పందం అయ్యాక అక్కడే ఉండిపోదామంటే మనిషికి ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేశారు. గాంధీగారి పోరాటం వల్ల 1914లో పోయింది ఆ పన్ను. కనుచూపు మేర చెరకు. గాలికి ఆకులు రాసుకునే ఆ చప్పుడు మన ఆమదాలవలస వైపు చెరకు చేలలో వచ్చే చప్పుడే. ఎల్డర్‌గారు కారు ఆపి, నన్ను ఒంటరిగా కాసేపు నడవనిచ్చారు.

ఒక్క సంగతి చెప్పాలి, చెప్పకపోతే ఈ ప్రసంగానికి అర్థం లేదు. నేను పనిచేసినచోట, ఆఫీసు పేరు అనవసరం, ఒక ఏడు తుఫానుకి కప్పు కారి రెండు బీరువాల కట్టలు తడిసిపోయాయి. ఆరబెట్టడానికి మనుషుల్ని ఇవ్వమని రాశాను. జవాబు రాలేదు. బూజు పట్టాక పనికిరానివని రాయించి తగలబెట్టించారు. అందులో పాత జనన మరణాల రిజిస్టర్లు ఉన్నాయి. సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఈ సంగతి సిస్టర్‌గారికి చెప్పాను. ఆవిడ నన్ను ఓదార్చలేదు. "మిగిలినవి ఎన్ని ఉన్నాయి?" అని అడిగారు. అప్పటినుంచి ఆ ప్రశ్న నా వెంట ఉంది. ఇక్కడికి వచ్చాక ఇద్దరు మిత్రులతో కలిసి, మా మండలంలో బడి అడ్మిషన్ రిజిస్టర్లు, గుడి లెక్కల పుస్తకాలు, అనుమతి దొరికిన చోటల్లా ఫోన్‌తోనే ఫోటోలు తీస్తున్నాం. గుండుసూదులు నేనే తీస్తాను. వారానికి మూడు రోజులు.

నేను బయలుదేరే ముందు శనివారం డర్బన్ వెళ్ళాం. ఉమ్‌లాంగాలో వాళ్ళ టెంపుల్ అప్పటికింకా కడుతున్నారు. 2020 ఫిబ్రవరి 16న ప్రతిష్ఠ జరిగింది. దూరంనుంచి చూసి, రేవు వైపు వచ్చాం. ట్రూరో వచ్చి ఆగిన సముద్రం అది. సాయంత్రం, గాలి ఎక్కువగా ఉంది. సిస్టర్‌గారు నోటుబుక్కు తీసి, "మీ పెదతాతగారి పేరు మీ ఇంట్లో పిలిచినట్టు ఒక్కసారి చెప్పండి" అన్నారు. చెప్పాను. ఆవిడ మూడుసార్లు అన్నారు. మూడోసారికి ‘స్వా’ సరిగ్గా పలికింది. మా పెదతాత దొరకలేదు. తండ్రి పేరు, తాలూకా రెండూ కలిసిన అప్పలస్వాములు ఇద్దరు మిగిలారు, ఎవరు మావాడో తేలలేదు. కిందటి మహాలయ పక్షాల్లో ఇద్దరి పేరునా తిలోదకాలు వదిలాను.

వాళ్ళు యూటాకి తిరిగి వెళ్ళిపోయారు. ఉత్తరాలు రాస్తుంటారు. ఆ కూరగాయల రైతు ఫైలు వివరాలన్నీ సిస్టర్‌గారు తన చేత్తో రాసి నాకు పంపారు. నేను ఓడ జాబితాతో సరిచూశాను. తండ్రి సింహాచలం, తల్లి రాములమ్మ. ఊరు కళింగపట్నం దగ్గర అని ఉంది, ఆ ఊరి పేరు గుమాస్తా ఎలా విన్నాడో అలా రాశాడు, నేను మూడు రకాలుగా చదవగలుగుతున్నాను. వయసు ఇరవైరెండు, ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. ఇంటి నుంచి వెళ్ళిపోయి తిరిగిరాని మనిషి గురించి కళింగపట్నం, శ్రీకూర్మం వైపు ఏ ఇంట్లోనైనా ముసలివాళ్ళు చెప్పుకునేవారేమో. ఆ కాగితం ఈ బల్లమీద పెడుతున్నాను. అటువైపు వాళ్ళు ఎవరైనా ఉంటే, సభ అయ్యాక వెళ్ళిపోకుండా ఒక్కసారి వచ్చి చూడండి.